రాజహంసల పొరుగున చెత్త కొలిమి

ముంబయి మహానగరమునకు తూర్పు అంచున, ఠాణే ఖాడీ యొడ్డున, దియోనారు చెత్తమేట చెంతనే, దినమునకు 600 టన్నుల చెత్తను కాల్చి విద్యుచ్ఛక్తి తీయు యంత్రాగారమును నెలకొల్ప తలపెట్టిన సంగతి పాఠకులకు తెలిసినదే. దీనికి 2020వ సంవత్సరమున ఒప్పందము కుదిరినది. పిమ్మట గడువులు జరుగుచు వచ్చినవి. ఈ పనిని మేము వ్యతిరేకించుచున్నాము. ఏ కారణముచే వ్యతిరేకించుచున్నామో, దానికి బదులుగా ఏమి కోరుచున్నామో ఈ వారము కొంత విపులముగా వ్రాయదలచితిమి. ఏలయన మన సంఘ సభ్యులలోనే దీనిని గూర్చి రెండు అభిప్రాయములు కలవు.

మొదట ఆ స్థలమును గూర్చి చెప్పవలెను. 1896లో బొంబాయిలో ప్లేగు వ్యాపించిన తరువాత ఊరి చెత్తను ఊరికి దూరముగా చేర్పవలెనన్న తలంపుతో నాటి ప్రభుత్వము చెంబూరు దిక్కున నున్న చిత్తడి నేలను ఎన్నుకొన్నది. నాడు అది ఊరికి దూరమే. నేడు గోవండి, మాన్‌ఖుర్దు, శివాజీనగరు బస్తీలు ఆ మేట పాదమున ఒదిగి యున్నవి. సుమారు 326 ఎకరముల విస్తీర్ణమున, శతాబ్ది కాలముగా పేరుకొన్న కుప్ప అది. అందు 185 లక్షల టన్నుల పాత చెత్త కలదని నగరపాలికయే 2025లో లెక్క చెప్పినది. ఆ మేటకు ఒక వైపున మనుష్యులు. రెండవ వైపున మడ అడవి, బురద, ఆటుపోట్ల నీరు.

ఆ నీటి మీదికే ప్రతి సంవత్సరము రాజహంసలు వచ్చును. కచ్ఛ్ రణ్ణము దిక్కునుండి వేలకొలదిగా వచ్చి, చలికాలము మొదలుకొని వానలు పడువరకు ఖాడీ బురదలో ముక్కులు ముంచి మేయుచుండును. పులికాటు సరస్సు దాపున, సూళ్లూరుపేట ప్రాంతమున బంధువులు గల మన కుటుంబములకు ఈ పక్షిని క్రొత్తగా పరిచయము చేయనక్కరలేదు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వము ఠాణే ఖాడీలో 1,690 హెక్టారులను రాజహంసల అభయారణ్యముగా ప్రకటించినది. 2021లో దాని చుట్టును పర్యావరణ సున్నిత మండలమును కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినది. 2022 ఆగస్టులో ఖాడీ యందలి 6,521 హెక్టారులు రాంసార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలల పట్టికలో చేరినవి. అనగా, ఇది మన దేశము ప్రపంచము నెదుట నిలిచి కాపాడెదనని మాట యిచ్చిన చోటు. ఆ మాట యిచ్చిన చోటికి ఇంత దాపున పొగగొట్టమెత్తుట యెట్టి వివేకమో మాకు బోధపడుట లేదు.

యంత్రమును సమర్థించువారి వాదమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. "ఈ మేట ఇప్పుడును కాలుచునే యున్నది కదా? 2016 జనవరిలో రగుల్కొన్న మంటల పొగ ఉపగ్రహముల కంట పడినది, పరిసర పాఠశాలలకు సెలవు లీయవలసి వచ్చినది. అదుపు లేక కాలుటకంటె అదుపులో కాల్చుట మేలు కదా?" అని వారు అడుగుచున్నారు. ఆ పొగను పీల్చినవారిలో మన కుటుంబములును కలవు. కావుననే ఈ ప్రశ్న మాకును పట్టినది. అయితే ఆ యంత్రము మ్రింగునది నేడు ఊరినుండి వచ్చు చెత్తలో 600 టన్నులు. పాత కుప్ప యథాస్థానమున నుండును. దానిని త్రవ్వి, జల్లించి, తరలించు పని వేరు; ఆ పనికి హైదరాబాదు కేంద్రముగా గల ఒక సంస్థతో 2025లో వేరుగనే ఒప్పందము జరిగినది. కుప్పలోని మంటలకు మూలము కుళ్లిన తడి చెత్తనుండి పుట్టు మీథేను వాయువు. తడి చెత్తను కుప్పకు చేరనీయకుండుటయే దానికి మందు. అదియే జరిగిన నాడు ఈ కొలిమికి మిగులు పని యేమి?

ఇక కొలిమి ఎట్లు పనిచేయునో చూతము. చెత్తను మండించి, ఆ వేడితో నీటిని ఆవిరి చేసి, ఆవిరితో చక్రమును త్రిప్పి విద్యుత్తు తీయుదురు. మండవలెనన్న చెత్త పొడిగా నుండవలెను. మన ఇండ్లలో చెత్త అను మాట మరచి "కచ్రా" అనుట అలవాటైనది. పేరేదైనను ఆ డబ్బాలో నుండునది అధికభాగము మిగిలిన అన్నము, కూరగాయల తొక్కులు, టీ పిప్పి, కొబ్బరి బోండములు. ముంబయి చెత్తలో సగముకంటె చాల మిక్కిలిగ తడి పదార్థమేయని నగరపాలిక నివేదికలే చెప్పుచున్నవి. దానిపై సంవత్సరమునకు 2000 మిల్లీమీటర్లు మించిన వర్షము. తడి కట్టెతో పొయ్యి వెలిగింప చూచిన ప్రతి ఇల్లాలికిని దీని ఫలితము తెలియును.

ఇది మా ఊహ కాదు, అనుభవముచే తేలిన విషయము. 1987లో ఢిల్లీ తిమార్‌పూరులో డెన్మార్కు సాంకేతిక సహాయముతో, దినమునకు 300 టన్నులు కాల్చు యంత్రమును నెలకొల్పిరి. కిలో చెత్తకు 1,462 కిలోకాలరీల వేడి యుండునని లెక్క వేసిరి. తీరా వచ్చిన చెత్తలో అందులో సగము వేడియు లేకపోయెను. ఇరువదియొక్క దినములు నడచి అది మూతబడినది. మన తెలుగునాటనే 2003 ప్రాంతమున విజయవాడలోను, హైదరాబాదు చెంత షాద్‌నగరులోను చెత్తతో విద్యుత్తు తీయు యంత్రములు వెలసినవి. మంట నిలుపుటకు వాటిలో ఊకవంటి వ్యవసాయపు వ్యర్థములను కలుపవలసి వచ్చెను. అట్టి పథకములకు సర్కారు ఇచ్చు రాయితీలను 2005లో సర్వోన్నత న్యాయస్థానము ఆపించినది.

తరువాత వచ్చిన యంత్రములు మెరుగైనవనుట నిజమే. విశాఖపట్నములోను గుంటూరులోను ఇటువంటివి నెలకొల్పబడినవి. అయినను ఏ యంత్రమైన మండుటకు కోరునది కాగితము, అట్టలు, గుడ్డ, ప్లాస్టిక్కు. ఇవియే చెత్త ఏరుకొను స్త్రీలకును, వీధి మొగలోని భంగార్ దుకాణమునకును జీవనాధారము. యంత్రమునకు నిత్యము ఇంత మేత పెట్టవలెనని దీర్ఘకాలపు ఒప్పందము చేసికొన్న నగరపాలిక, చెత్తను తగ్గింపుడని పౌరులకు ఏ నోటితో చెప్పగలదు?

ప్లాస్టిక్కు కాలిన తరువాత ఏమగునో అదియే మాకు ముఖ్యమైన భయము. క్లోరిను గల ప్లాస్టిక్కులు మండి, ఆ పొగ చల్లారు వేళ డయాక్సినులను విషపదార్థములు పుట్టును. ఇవి కంటికి కనబడవు, వాసనకు తెలియవు. నీటిలో కరగవు, క్రొవ్వులో కరగి నిలిచిపోవును. గాలినుండి నేలకు, నీటికి దిగి, బురదలో చేరి, బురద తిను పురుగునుండి రొయ్యకు, రొయ్యనుండి చేపకు, చేపనుండి మనిషికి, తల్లినుండి చనుబాల ద్వారా బిడ్డకు చేరును. ఒక్కొక్క మెట్టు ఎక్కినకొలది గాఢత పెరుగును. ఇట్టి విషములను అరికట్టుటకై 2001లో స్టాక్‌హోమున కుదిరిన ఒడంబడికను మన దేశము 2006లో ఆమోదించినది. 2016 నాటి ఘనవ్యర్థ నియమములు పొగలో డయాక్సినులకు ఘనమీటరునకు 0.1 నానోగ్రాముల పరిమితిని విధించినవి. కాగితముపై ఇది కఠినమైన నియమమే. కాని ధూళిని కొలుచునట్లు డయాక్సినులను గడియ గడియకు కొలుచుట లేదు. ఎప్పుడో ఒకనాడు కొన్ని గంటల సేపు పొగ పట్టి ప్రయోగశాలకు పంపుదురు. ముందుగా తెలిసిన తనిఖీ నాడు ఏ పొయ్యియైనను చక్కగా మండును!

ఇప్పుడు రాజహంస మేతను తలచుకొనుడు. అది నీటిని, బురదను ముక్కుతో వడకట్టి, అందలి నాచును, చిన్న జీవులను తినును. ఖాడీలో ఏ విషము దిగినను ముందుగా చేరునది ఆ బురదకే. పక్షి పేరు చెప్పి పత్రికలు పుటలు నింపుచున్నవి గాని, అదే బురదలో వల వేయు కోళీల మాట ఎత్తువారు తక్కువ. ట్రాంబే మొదలు ఖాడీ పొడవునను వారి గూడెములు కలవు. వారి చేపలు వచ్చునది మన బజారునకే. పగలు సముద్రపు గాలి పడమటినుండి వీచి పొగను ఖాడీ మీదికి, నవీముంబయి మీదికి త్రోయును. రాత్రివేళ, చలికాలమున, నేలగాలి తిరిగినప్పుడు అదే పొగ గోవండి, చెంబూరుల మీద క్రమ్మును. కావున పక్షులా మనుష్యులా అన్న వాదము ఇచ్చట నిలువదు.

బూడిద మాట కూడ చెప్పవలెను. కాల్చిన చెత్త మాయమగునని జనుల నమ్మకము. మాయము కాదు. బరువులో అయిదవ వంతు, ఒక్కొక్కప్పుడు నాల్గవ వంతు, బూడిదగా మిగులును. అనగా 600 టన్నులకు దినమునకు 120 మొదలు 150 టన్నులు. పొగగొట్టపు జల్లెళ్లలో చిక్కు సన్నని బూడిద ఇంకను ప్రమాదకరము. సీసము, కాడ్మియము వంటి లోహములు అందే చేరును. జల్లెడ ఎంత బాగుగా పనిచేసిన ఆ బూడిదలో అంత విషము. దీనిని ఎచ్చట పూడ్తురు? ఖాడీ చెంతనా?

ప్రతిఫలముగా వచ్చు విద్యుత్తు ఎంత? మొదట ప్రకటించినది సుమారు 4 మెగావాట్లు. వేసవిలో ముంబయి కోరునది 3500 మెగావాట్లకు పైమాట. వేయింట ఒక వంతు వెలుగునకై ఖాడీని పణముగా నొడ్డుట ఎట్టి వ్యాపారమో మన కోమటి సోదరులైన లెక్క కట్టి చెప్పగలరు.

ఢిల్లీ ఓఖ్లా యంత్రము దీనికి సరియైన పోలిక. యమున యొడ్డున ఓఖ్లా పక్షి అభయారణ్యమునకు దాపుననే, ఇండ్ల నడుమ 2012లో అది నడువనారంభించినది. పరిసరవాసులు ఏండ్ల తరబడి న్యాయస్థానముల చుట్టు తిరిగిరి. 2017లో జాతీయ హరిత న్యాయమండలి 25 లక్షల రూపాయల పరిహారము విధించి, యంత్రమును మాత్రము నడువనిచ్చినది. కట్టిన తరువాత ఆపుట ఎంత కష్టమో దీనివలన గ్రహింపవలెను. అందుచేతనే పొయ్యి మండకముందే మేము మాటాడుచున్నాము.

ఇక మనలో మనకు గల భేదాభిప్రాయము. "మనది భాషాసంఘము. తెలుగు బడులు మూతబడకుండ చూచుట, పిల్లలకు తెలుగు ఉపాధ్యాయులను సంపాదించుట, గ్రంథాలయము నడుపుట మన పనులు. చెత్తతో మనకేమి?" అని కొందరు పెద్దలు అనుచున్నారు. వారి యెడ గౌరవముతోనే మేము విభేదించుచున్నాము. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము మన పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య కల్పింపుమని ప్రభుత్వములకు చెప్పుచున్నది. ఆ పిల్లవాడు దగ్గుచు బడి మానినప్పుడు ఆ అధికరణము వానికి ఏపాటి ఉపకరించును? దియోనారు మేట గల తూర్పు ఎం వార్డులో మరణించువారి సగటు వయస్సు 39 సంవత్సరములని 2009 నాటి ముంబయి మానవాభివృద్ధి నివేదికలో అచ్చయినది. ఆ వార్డులోనే 2009 నుండి ఆసుపత్రుల వ్యర్థములను కాల్చు కొలిమి యొకటి నడచినది; పరిసరవాసుల మొరపై దానిని అచ్చటినుండి తరలింపుమని బొంబాయి ఉన్నత న్యాయస్థానము 2023లో ఆదేశించినది. ఒక పొగగొట్టమును పొమ్మని చెప్పిన వార్డునకే మరియొకటి రమ్మనుట వింతగా నున్నది.

మనవారికి ఈ ఊరు అద్దె యిల్లు కాదు. కామాఠీపుర పేరులోనే తెలంగాణమునుండి వచ్చిన కామాఠీల కష్టము నిలిచియున్నది. రాయి మోసి, సున్నము కలిపి, మగ్గములు మిల్లులు నడిపి, తరతరములుగా ఈ నగరపు గోడలను నిలిపినవారిలో మనవారు కలరు. ఊరు కట్టినవారికి ఊరి గాలిని గూర్చి మాటాడు హక్కు లేదనుట చెల్లదు. మఱియు ఒక క్రొత్త చిక్కు వచ్చిపడినది. ధారావి పునర్నిర్మాణమున అచ్చట నివాసార్హత దొరకని కుటుంబములకై దియోనారు మేటలోనే 124 ఎకరములను 2024లో రాష్ట్ర మంత్రివర్గము కేటాయించినది. ధారావిలో తెలుగు కుటుంబములు కలవు. నూరేండ్ల చెత్తను ఊడ్చిన నేలపై ఇండ్లు, ప్రక్కన చెత్త పొయ్యి! చెత్త పూడ్చు చోటు నివాసములకు 200 మీటర్ల దూరమున నుండవలెనని 2016 నియమములు చెప్పినవి. ఇచ్చట నివాసములనే చెత్త చోటికి తీసికొనిపోవుచున్నారు.

నోటీసులు ఆంగ్లములోను మరాఠీలోను వచ్చును. అది రాష్ట్రభాష, మనము నేర్చినదే. దానికి మాకు ఆక్షేపణ లేదు. కాని పర్యావరణ నివేదిక యనునది వందల పుటల ఆంగ్లము. దాని సారమును గోవండిలోని ముసలివారికి తెలుగులో, ఉర్దూలో, తమిళములో చదివి వినిపింపవలసిన బాధ్యత పరిపాలకులకు లేదా? భాషాసంఘము చేయదగిన పని ఇదే యని మా యభిప్రాయము.

అయితే చెత్తను ఏమి చేయవలెను? వలదనుట సులభము; నగరమున దినమునకు ఆరు వేల టన్నులు దాటిన చెత్త పుట్టుచున్నది. అందధికభాగము కాంజూర్‌మార్గు చేరుచున్నది. అదియును ఖాడీ యొడ్డే. అది రక్షిత వనభూమి యని 2025 మే నెలలో ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పగా, ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును నిలిపివేసినది. కావున ఇక్కడ వలదన్న చెత్తను అక్కడికి త్రోయుడని మేము చెప్పము.

షోలాపురములోని మన పద్మశాలీ సోదరులు ఒక వేరు దారి చూచియున్నారు. ఆ ఊర తడి చెత్తను కాల్పక, గాలి చొరని తొట్లలో పులియబెట్టి, వచ్చు వాయువుతో 3 మెగావాట్ల విద్యుత్తు తీయు కర్మాగారమును 2013 ప్రాంతమున నెలకొల్పిరి. దానికిని వాసనలు, ఇబ్బందులు లేకపోలేదు. కాని పొగగొట్టము లేదు, తడి చెత్తయే దానికి మేత. పుణెలో చెత్త ఏరుకొను స్త్రీలు తామే సభ్యులుగా సహకార సంఘము కట్టి 2008 నుండి ఇంటింటికి వెళ్లి తడి పొడి వేరుచేసి తెచ్చుచున్నారు. ఒక యంత్రమునకు వందల కోట్లు పోయగల నగరపాలిక, ఒక్కొక్క వార్డునకు ఇట్టి తొట్లను, ఇట్టి సంఘములను ఏర్పరుపలేదనుట నమ్మదగినది కాదు. పెద్ద పెద్ద సొసైటీలు తమ తడి చెత్తను తమ ఆవరణలోనే ఎరువు చేయవలెనన్న నియమమును మన తెలుగు సొసైటీలలో ఎన్ని పాటించుచున్నవో కార్యదర్శులు తమలో తాము విచారించుకొందురు గాక.

చెన్నపట్టణములోని మనవారికి ఈ కథ వినినదే. కొడుంగైయూరు చెత్తమేట యొద్ద ఇటువంటి కొలిమినే అచ్చటి నగరపాలిక తలపెట్టగా 2025లో ఉత్తర చెన్నై ప్రజలు వీధులలో మానవహారము కట్టిరి. యానాము పాఠకులకు కోరంగి మడ అడవులు ఇంటి పెరడు వంటివి. మడచెట్టు వేళ్లు నీటిలోని మురికిని ఎట్లు పట్టి యుంచునో, తుపానునాడు ఊరికి ఎట్లు అడ్డు నిలుచునో వారికి తెలియును. ముంబయి మడ అడవులను నరుకరాదని 2018లో ఉన్నత న్యాయస్థానము స్పష్టముగా తీర్పిచ్చినది. నరకుట నేరమైనప్పుడు, వాటి వేళ్లకు విషము చేర్చుట ఏమగును?

మేము కోరునది ఇంతమాత్రమే. దహన యంత్రమును నడుపుటకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఈయరాదు. ఖాడీ బురదలోను, చేపలలోను డయాక్సినులు, లోహములు నేడు ఎంత కలవో ముందుగా కొలిపించి ఆ లెక్కను ప్రజల ముందు పెట్టవలెను. ధారావినుండి తరలు కుటుంబములకు వారి క్రొత్త యిల్లు పొగగొట్టమునకు ఎన్ని మీటర్ల దూరముననో వ్రాతమూలకముగ తెలుపవలెను. తడి చెత్తకై వార్డుల వారీగా ప్రణాళికను ప్రకటింపవలెను.

ఈ నాలుగు కోరికలతో మరాఠీలోను తెలుగులోను వ్రాసిన అర్జీ ప్రతులు మన కార్యాలయమున సాయంకాలములందు దొరకును. గోవండి, చెంబూరు, ధారావి, వర్లి శాఖల కార్యదర్శులు తలకు ఒక కట్ట చొప్పున తీసికొనిపోయి, ఇంటి పెద్దల సంతకములే గాక స్త్రీల సంతకములును తప్పక చేయించి, ఈ నెలాఖరులోగా తిరిగి పంపవలెనని ప్రార్థన. సంతకము చేయరానివారి వేలిముద్రల చెంత పేరును ఇంటి సంఖ్యను స్పష్టముగా వ్రాయవలెను. లేనిచో అట్టివానిని అధికారులు లెక్కలోనికి తీసికొనరు.